ఉక్కుపట్టాలకు ఒక కథ

ఎల్.బి. నగర్ కూడలి వద్ద రెండు రోడ్లు విడిపోతాయి. దిల్‌సుఖ్‌నగర్ నుండి వచ్చేవారు తిన్నగా సాగిపోతే అది విజయవాడ రోడ్డు. కుడిచేతికి తిరిగి కొంతదూరం పోతే నాగార్జునసాగర్ రోడ్డు అందుతుంది. మొదటి దారిన వనస్థలిపురం, హయత్‌నగర్ దాటి అబ్దుల్లాపూర్‌మెట్ వైపు పోయినవారికి రామోజీ ఫిలిం సిటీ కనబడుతుంది. రెండవ దారిన తుర్కయంజాల్ దాటి, బొంగులూరు వద్ద ఔటర్ రింగురోడ్డు ఎక్కి, రావిర్యాల వద్ద దిగినవారికి వండర్‌లా అనే వినోదోద్యానం కనబడుతుంది. ఒకచోట కొయ్యతో, గుడ్డతో, ప్లాస్టరుతో లేని నగరాలను ఉన్నట్లు నిలబెట్టే విద్య ఉన్నది. రెండవచోట మనుషులను ఉక్కుపట్టాల మీద తలక్రిందులుగా త్రిప్పి క్షేమంగా దింపే విద్య ఉన్నది. ఈ రెండు విద్యలూ కలిసినప్పుడు పుట్టే వస్తువును గూర్చి, అది మన వైపు పుట్టగలదా అనే ప్రశ్నను గూర్చి ఈ పూట నాలుగు మాటలు మనవి చేస్తాను.

నన్ను ఈ ఆలోచనలోకి దింపినవాడు మా మనుమడు. పన్నెండేండ్లవాడు. వేసవి సెలవులలో వాడినీ వాడి తండ్రినీ వెంటబెట్టుకొని రావిర్యాల పోయినాము. దారిలో ఔటర్ రింగురోడ్డు మీద మా కారు గంటకు 90 కిలోమీటర్ల వేగంతో పోతూ ఉంటే వాడు సుఖంగా నిద్రపోయినాడు. ఆ తరువాత గంటకు 75 కిలోమీటర్ల వేగంతో పోయే రోలర్ కోస్టరు ఎక్కి గొంతు చించుకొని అరిచినాడు. నేను ఎక్కలేదు. గుండెజబ్బు ఉన్నవారు, నడుమునొప్పి ఉన్నవారు ఎక్కరాదని అక్కడ బోర్డు ఉన్నది. ఆ బోర్డు చూచి నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. తండ్రీకొడుకుల చెప్పులు, కళ్లజోళ్లు, జేబులోని చిల్లర పట్టుకొని క్రింద నిలుచున్నాను.

వాడు దిగివచ్చి కళ్లజోడు పెట్టుకొని, కాసేపు ఊపిరి తీసుకొని, ఒక ప్రశ్న అడిగినాడు. "తాతయ్యా, మేము ఎక్కడికి పోయి వచ్చాం?"

అడిగినవాడు చిన్నవాడే అయినా అడిగిన ప్రశ్న చిన్నది కాదు. ఆ యంత్రం పేరు రీకాయిల్. హాలండు దేశపు వెకోమా సంస్థవారు బూమరాంగ్ అనే పేరుతో తయారుచేసే నమూనా అది. 1980ల నుండి ప్రపంచమంతటా ఇట్టివి యాభైకి పైగా నిలిచినవి. ఇందులో 28 మంది కూర్చునే బండిని ముందుగా వెనుకకు లాగి, సుమారు 35 మీటర్ల ఎత్తున, అనగా పది పదకొండు అంతస్తుల మేడ అంత ఎత్తున ఉన్న గోపురం మీదికి చేరుస్తారు. అక్కడ వదలిపెడతారు. బండికి ఇంజను లేదు. ఎక్కించిన ఎత్తే దానికి పెట్టుబడి. ఆ పెట్టుబడిని వేగంగా మార్చుకొని అది తాను బయలుదేరిన స్టేషను గుండానే దూసుకొనిపోతుంది. పాముపడగ వలె మెలికలు తిరిగిన పట్టాల మీద రెండుమార్లు, నిలువు వలయంలో ఒకమారు తలక్రిందులై ఎదుటి గోపురం ఎక్కుతుంది. అక్కడ గొలుసు దానిని మరికొంత పైకి లాగి మరల వదులుతుంది. ఇక ఆ ప్రయాణమంతా వెనుకకు చేయవలసినదే. పోయినది ఎంతదూరమో వచ్చినది అంతే. కనుక మావాడి ప్రశ్నకు యంత్రశాస్త్రం చెప్పే జవాబు ఒకటే. ఎక్కడికీ పోలేదు, నాయనా.

ఎక్కడికీ పోని ప్రయాణానికి ఒక చోటు కల్పించి పెట్టటాన్నే ఈ వ్యాపారంలో ఇతివృత్తం అంటారు. ఉక్కుపట్టాల చుట్టూ ఒక కొండను నిలబెడతారు, లేదా ఒక గుహను తొలుస్తారు. వరుసలో నిలుచున్నప్పటి నుండే కథ మొదలవుతుంది. మనిషి బండి ఎక్కే వేళకు తానొక గనిలోనో, మంచుకొండ మీదనో, అంతరిక్షంలోనో ఉన్నానని సగం నమ్మి ఉంటాడు. మిగిలిన సగాన్ని వేగం నమ్మిస్తుంది.

ఇది ఇటీవలి మోజు అని చాలామంది అనుకొంటారు. కాదు. ఈ ఆటకు మూలాలు రెండు. ఒకటి, రష్యా దేశంలో చలికాలంలో కొయ్యచట్రాల మీద నీరు పోసి గడ్డకట్టించిన మంచు జారుడుబల్లలు. రెండవది, అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలో 1827లో మాక్ చంక్ అనే ఊరి వద్ద బొగ్గు దింపటానికి వేసిన పట్టాలదారి. బొగ్గుబండ్లు కొండ మీది నుండి తమంతట తామే దొర్లివస్తూ ఉంటే, కాలక్రమాన జనం డబ్బిచ్చి వాటిమీద ఎక్కటం మొదలుపెట్టినారు. 1884లో లామార్కస్ థాంప్సన్ అనే ఆయన న్యూయార్కు దగ్గర కోనీ ఐలండులో ఇట్టిదాన్ని వినోదం కోసమే కట్టినాడు. దాని వేగం గంటకు పది కిలోమీటర్లు. మన సైకిలు దానిని సునాయాసంగా దాటిపోగలదు. అయినా జనం విరగబడినారు.

పోటీదారులు వెంటనే పుట్టుకొచ్చినారు. వారు పట్టాలను ఎత్తుచేసినారు, వేగం పెంచినారు. థాంప్సన్ వేరే దారి పట్టినాడు. 1887లో అట్లాంటిక్ సిటీలో ఆయన కట్టినదానికి సీనిక్ రైల్వే అని పేరు. అందులో బండి చీకటి సొరంగాలలోకి పోతుంది. పోతూ ఉండగా దీపాలు వెలిగి, గోడల మీద రంగులలో చిత్రించిన దృశ్యాలు కనబడతాయి. వేగం పెంచకుండానే ఆశ్చర్యం పెంచినాడన్నమాట. ఈనాడు వందల కోట్లు ఖర్చుచేసి కడుతున్న కథల కోస్టర్లన్నిటికీ తాతగారు ఆ చీకటిగోడ మీది బొమ్మే.

మన హైదరాబాదులో ఈ ముచ్చట నుమాయిష్ నుండి మొదలైనదని చెప్పవచ్చును. 1938లో పబ్లిక్ గార్డెన్సులో మొదలై, తరువాత నాంపల్లి మైదానానికి మారిన ఆ ప్రదర్శనకు జనవరి చలిలో పోయి, జెయింట్ వీలు ఎక్కి, మిర్చిబజ్జీలు తిని రానివారు మన పేటలలో అరుదు. అక్కడ మృత్యుకూపం ఉండేది. కొయ్యపలకల బావి గోడల మీద మోటారుసైకిలు నడిపేవాడిని పైనుండి తొంగిచూచి మనం వణికేవాళ్లం. ఆ ఆటకు పేరే ఇతివృత్తం. 'మృత్యుకూపం' అనే మాటను తీసివేసి 'గోడ మీద సైకిలు' అని బోర్డు కట్టి ఉంటే సగం టిక్కెట్లు అమ్ముడుపోయేవి కావు.

భయానికి వేగం ఒక్కటే కారణం కాదనటానికి మరొక నిదర్శనం. 1975లో అమెరికాలోని ఫ్లారిడాలో డిస్నీవారు స్పేస్ మౌంటెన్ అనే దాన్ని తెరిచినారు. దాని వేగం గంటకు సుమారు 45 కిలోమీటర్లు. మన రావిర్యాల యంత్రపు వేగంలో మూడింట రెండు వంతులు కూడా లేదు. తలక్రిందులు కావటం అసలే లేదు. కాని అది చీకట్లో నడుస్తుంది. పట్టా ఎటు తిరుగుతుందో కనబడదు. చుట్టూ నక్షత్రాలు మాత్రం మినుకుమంటాయి. యాభై ఏండ్లుగా దానిముందు వరుస తగ్గలేదు. అంతకుముందే 1959లో కాలిఫోర్నియాలో మాటర్‌హార్న్ అనే మంచుకొండను కట్టి, దాని కడుపులో ఉక్కుగొట్టాల పట్టాలు పరచినారు. అంతవరకు కోస్టర్లకు కొయ్యచట్రాలు, వాటిమీద బద్దపట్టాలు ఉండేవి. గొట్టపు పట్టాల మీదికి లోకం మళ్లటానికి ఆ కొండ దారిచూపినది. మెలికలు తిరిగిన కొండదారిలో కొయ్యపట్టా ఇమడదు కనుక వంచటానికి వీలైన గొట్టం కావలసి వచ్చినది. అంటే అప్పుడు యంత్రం వెంట కథ పోలేదు, కథ వెంట యంత్రం పోయినది. ఈ సంగతి నాకు చాలా ఇష్టం.

ఇంతవరకు పొగడ్త. ఇక రెండవ వైపు చూడాలి.

2006లో ఫ్లారిడాలోనే ఎక్స్‌పెడిషన్ ఎవరెస్ట్ అనేదాన్ని తెరిచినారు. అది మన హిమాలయాల కథ. టీ తోటల రైలుబండి ఒకటి కొండ మీదికి పోతుంది. పట్టాలు తెగిపడి ఉంటాయి. బండి చీకట్లో వెనుకకు జారుతుంది. చివరకు యతి అనే మంచుమనిషి ఎదురై చెయ్యి విసురుతాడు. ఆ యతి బొమ్మ రెండు అంతస్తుల ఎత్తు గల మహాయంత్రం. దానిని ప్రపంచమంతా మెచ్చుకొన్నది. కాని కొన్ని నెలలకే ఆ బొమ్మ కదలటం మానివేసినది. దాని బరువుకూ విసురుకూ అడుగున సమస్యలు వచ్చినవని చెప్పుకొన్నారు. బాగుచేయాలంటే కొండను విప్పవలసిన పని. అందుచేత కదలని బొమ్మ మీద దీపాలు తటతటా వెలిగించి ఆర్పి, కదిలినట్లు భ్రమ కలిగిస్తూ వచ్చినారు. అంత సంపన్నమైన సంస్థకే ఈ గతి పట్టినప్పుడు, మే నెలలో మన ఎండకు, జూలైలో మన వానకు, ఏడాది పొడుగునా సాగర్ రోడ్డు దుమ్ముకు నిలవవలసిన ప్లాస్టరు కొండ సంగతి ఏమిటి? ఉక్కుపట్టాకు రంగు వేస్తే పది సంవత్సరాలు కనిపెట్టుకొని ఉండవచ్చు. రంగు వెలసిన రాక్షసుడిని చూచి పిల్లవాడు భయపడడు, జాలిపడతాడు.

భద్రత విషయం కూడా ఇక్కడే చెప్పాలి. బట్టబయలుగా నిలిచిన ఉక్కులో ఒక నిజాయితీ ఉన్నది. పరీక్షించే ఇంజనీరుకు ప్రతి అతుకూ, ప్రతి మరమేకూ కనబడుతుంది. చుట్టూ కొండ కట్టినప్పుడు ఆ కొండలో మనుషులు నడిచే దారులు, నిచ్చెనలు, దీపాలు ముందే ఆలోచించి కట్టాలి. అయితే ప్రమాదాలు తరచుగా ఉక్కు వలన కాక మనుషుల తొందర వలన వస్తాయని అనుభవం చెబుతున్నది. ఇంగ్లండులో ఆల్టన్ టవర్స్‌లో స్మైలర్ అనే కోస్టరు ఉన్నది. 14 మార్లు తలక్రిందులు చేసే యంత్రం అది. దాని ఇతివృత్తమేమో బలవంతపు చిరునవ్వు. 2015 జూన్ 2వ తేదీన ఖాళీ బండి ఒకటి పట్టా మీద నిలిచి ఉండగా, కంప్యూటరు ఆపిన జనబండిని పనివారు పొరబాటున ముందుకు వదిలినారు. ఇద్దరు యువతులు చెరియొక కాలు పోగొట్టుకొన్నారు. ఆ సంస్థకు న్యాయస్థానం 50 లక్షల పౌండ్ల జరిమానా వేసినది. మన దేశంలో 2025 ఏప్రిల్‌లో ఢిల్లీలోని ఒక పార్కులో రోలర్ కోస్టరు మీది నుండి పడి ఒక యువతి మరణించినది. కథ ఎంత అందమైనదైనా, అది సీటు గొళ్లెం తరువాతి మాటే.

భారతదేశంలో ఈ కథల కోస్టర్లు ఎంతవరకు వచ్చినవి? 2013లో మహారాష్ట్రలో ఖోపోలీ వద్ద తెరిచిన ఇమాజికాలో నైట్రో అనే పెద్ద కోస్టరు నిలిచినది. స్విట్జర్లండుకు చెందిన బోలిగర్ అండ్ మబిలార్డ్ అనే ప్రసిద్ధ సంస్థ దానిని తయారుచేసినది. ఆ పార్కులోనే చీకట్లో అంతరిక్షయానం చేయించే కోస్టరు కూడా పెట్టినారు. వండర్‌లావారు 2000లో కొచ్చిలో, 2005లో బెంగుళూరులో, 2016లో మన రావిర్యాలలో, 2024లో భువనేశ్వరులో పార్కులు తెరిచి, 2025 డిసెంబరులో చెన్నై సమీపాన మరొకటి తెరిచినారు. అక్కడ అదే స్విస్ సంస్థ తయారుచేసిన, పట్టా క్రింద వ్రేలాడుతూ పోయే కోస్టరుకు తంజోరా అని పేరు పెట్టినారు. తంజావూరును తలచుకొని పెట్టిన పేరు. పేరుతోనే కథ పూర్తి అయినదని నేను అనను. కాని స్విట్జర్లండు ఉక్కుకు తంజావూరు పేరు పెట్టాలని ఒకరికి తోచినదే, అది మంచి శకునం.

మరి మన తెలుగు ఉక్కుకు ఏ పేరు?

ఇక్కడ ఎల్.బి. నగర్ కూడలికి తిరిగి రావాలి. విజయవాడ రోడ్డు మీద ఉన్న ఫిలిం సిటీ 1996లో మొదలైనది. 1,600 ఎకరాలకు పైబడిన ఆ స్థలాన్ని ప్రపంచంలోకెల్లా పెద్ద చిత్రనిర్మాణ కేంద్రంగా గిన్నెస్ గ్రంథం గుర్తించినది. 2015లో, 2017లో వచ్చిన బాహుబలి చిత్రాల కోసం కళాదర్శకుడు సాబు సిరిల్ ఆధ్వర్యాన అక్కడ మాహిష్మతి నగరాన్ని కట్టినారు. చిత్రం ముగిసిన తరువాత కూడా దానిని విప్పక సందర్శకులకు చూపిస్తున్నారు. నేను చూచినాను. దగ్గరకు పోయి వేలితో తట్టితే డొల్లశబ్దం వస్తుంది. పది అడుగులు వెనుకకు వస్తే రాజ్యం. ఈ పది అడుగుల విద్య మనకు క్రొత్తది కాదు. 1957లో మాయాబజారు చిత్రం కోసం మద్రాసు స్టూడియోలో చిన్న చిన్న బొమ్మ ఇండ్లతో ద్వారకానగరాన్ని పేర్చి, మార్కస్ బార్ట్లే కెమెరాతో దానికి వెన్నెల పోసినారు. ఆనాటి ప్రేక్షకుడు అది బొమ్మల ఊరని అనుకోలేదు.

వడ్రంగులు, పోతపనివారు, రంగులవారు, అచ్చులు తీసేవారు ఒక రోడ్డు మీద ఉన్నారు. పట్టాలు, గోపురాలు, వాటిని కనిపెట్టుకొనే ఇంజనీర్లు మరొక రోడ్డు మీద ఉన్నారు. నడుమ దూరం గంట ప్రయాణం. సెట్టింగు పనివారికి సినిమా ఉంటేనే పని. సినిమా ముగిస్తే మరొక సినిమా కోసం ఎదురుచూడటమే. వినోదోద్యానపు కొండ అటువంటిది కాదు. దానిని కట్టినంత కాలమే గాక నిలిచినంత కాలమూ చేయి తగులుతూ ఉండాలి. ఇది నిలకడైన జీతపు పని. అయితే విద్యలో ఒక తేడా ఉన్నది, దాన్ని దాచిపెట్టరాదు. సెట్టింగు కెమెరా కంటికి కట్టేది, కొన్ని వారాలు నిలిస్తే చాలును. కొండ వేలమంది చేతులకు, అగ్నిభయానికి, ఇరవై వర్షాకాలాలకు ఓర్వాలి. మన పనివారు దుక్కి ఇనుప వల, సిమెంటు పూత, మంట అంటని రంగులు, ఇవి నేర్చుకోవాలి. నేర్పించే పెట్టుబడిదారు ముందుకు రావాలి.

కథలకు మాత్రం కరవు లేదు. గోలకొండ కోట ఫతే దర్వాజా క్రింద చప్పట్లు కొడితే బాలాహిస్సారు మీద వినిపిస్తుందని ప్రతి బడిపిల్లవాడూ పరీక్షించి చూచినదే. అక్కడి నుండి చార్మినారుకు సొరంగం ఉన్నదని ముసలివాళ్లు చెబుతూ వచ్చినారు. ఉన్నదో లేదో అటుంచండి. కోస్టరుకు అంతకన్న కావలసినది ఏమున్నది? వరుసలో నిలిచినవాళ్లు కమాను క్రింద చప్పట్లు కొట్టాలి. ఎక్కడో పైనుండి జవాబుగా నగారా మ్రోగాలి. తరువాత చీకటి. చివర ఒక్కసారిగా వెలుగు, నాలుగు మినార్లు. గంటకు 45 కిలోమీటర్లు చాలు.

బొగ్గుగని కథ కూడా తలపుకు వచ్చినది. కోస్టరు పుట్టినదే బొగ్గుబండి నుండి కదా, 1889 నుండి బొగ్గు త్రవ్వుతున్న ఇల్లెందు మనది కదా అనుకొన్నాను. కాని నిజంగా గనిలోకి దిగే కార్మికుని ఇల్లాలు ఆ ఆటను చూచి ఏమనుకొంటుందో అని వెనుకకు తగ్గినాను. పరదేశపువారు తమ బంగారుగనుల కథలను ఆటలుగా మార్చుకొన్నారు. వారి గనులు మూతపడి నూరేండ్లు దాటినవి. మనవి ఇంకా నడుస్తున్నవి. దేవతల కథల విషయంలోనూ నాకు ఇదే జంకు.

కళ్లకు పెట్టె తగిలించి, లేని లోకాన్ని అందులో చూపిస్తే కొండ కట్టే ఖర్చు తప్పుతుందని 2015, 2016 ప్రాంతాల యూరపు, అమెరికా పార్కులవారు కొందరు సంబరపడినారు. ప్రతి మనిషికీ ఆ పెట్టె తగిలించి, బిగించి, మరల తుడిచి ఇచ్చేసరికి వరుసలు రెట్టింపు అయినవి. కొన్నేండ్లలోనే చాలాచోట్ల వాటిని తీసివేసినారు. సినిమా కథలను అద్దెకు తెచ్చుకోవటం మరొక ఉపాయం. అద్దె ఒడంబడిక ముగిసిననాడు కొండకు క్రొత్త పేరు వెదకవలసి వస్తుంది. గోలకొండ సొరంగానికి ఎవరికీ అద్దె కట్టనక్కరలేదు.

డబ్బు మాట చెప్పకుండా ముగిస్తే దిల్‌సుఖ్‌నగర్ శ్రోతలు నన్ను క్షమించరు. 2017లో జి.ఎస్.టి. వచ్చినప్పుడు ఇట్టి పార్కుల ప్రవేశం మీద పన్ను 28 శాతం. 2018 జనవరిలో దానిని 18 శాతానికి తగ్గించినారు. తగ్గించినా, నలుగురున్న కుటుంబానికి ఒకరోజు వినోదం నెలసరి సరుకుల పద్దులో సగానికి వస్తుంది. మెట్రో రైలు 2018 సెప్టెంబరులో ఎల్.బి. నగర్ దాకా వచ్చి ఆగినది. అక్కడి నుండి ముందుకు బస్సో, ఆటోనో, సొంత వాహనమో కావాలి. అంత ఖర్చుచేసి వచ్చినవాడు ఎండలో గంటసేపు వరుసలో నిలిచి రెండు నిమిషాల ఆట ఆడిపోతాడు. ఆ రెండు నిమిషాలకు వాడు కేకవేసి ఊరుకొంటాడు. వాడి ఖర్చుకు నిజమైన ప్రతిఫలం ఇవ్వగలిగినది ఆ గంట. దానిని నీడలో, ఒక కథలో గడిపించగలిగితే టిక్కెట్టు ధర తగ్గకపోయినా బరువు తగ్గుతుంది.

సాయంకాలం తిరిగివస్తూ చైతన్యపురి దగ్గర వాహనాల రద్దీలో నిలిచి ఉండగా మా మనుమడికి గోలకొండ సొరంగం సంగతి చెప్పినాను. వాడు శ్రద్ధగా విన్నాడు. "సొరంగంలో మూసీ నది అడ్డం వస్తుంది కదా తాతయ్యా, అక్కడ నీళ్లు మీద పడాలి" అన్నాడు. నాకు ఆ సంగతి తోచనేలేదు. ఇల్లు చేరేదాకా వాడు పట్టాను ఎక్కడ వంచాలో చెబుతూనే ఉన్నాడు. అట్టిది ఒకటి కట్టిననాడు నన్ను కూడా ఎక్కించుకొంటానని మాట ఇచ్చినాడు. 45 కిలోమీటర్లే కదా, బోర్డు మీద ఏమి వ్రాస్తారో చూచి చెబుతానన్నాను.